నైటింగేల్ రాసిన లెక్కలు

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే మన కళ్ల ముందుకొచ్చేది ఒకటే బొమ్మ. పొడుగాటి గౌను, తలమీద తెల్లటి టోపీ, చేతిలో దీపం. రాత్రిపూట వరసగా పడుకున్న సైనికుల మధ్య నుంచి మెల్లగా నడిచి వెళ్తూ ఉంటుంది. బడిలో ఆ పాఠం చదవని వాళ్లు మనలో తక్కువే. పరీక్షలో ఆమె గురించి రాయమంటే దయ, సేవ, త్యాగం అని నాలుగు మాటలు రాసి మార్కులు తెచ్చేసుకున్నాం. ఏటా మే 12న నర్సుల దినోత్సవం జరుపుతారనీ, అది ఆమె పుట్టినరోజనీ కూడా చాలామందికి తెలుసు.

పాఠంలో రాయని సంగతి ఒకటుంది. ఆ దీపం ఆమె చేతిలో ఉన్నది రెండేళ్లు కూడా కాదు. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు ఆమె చేతిలో ఉన్నది కలం. ఆ కలంతో ఆమె రాసిన వాటిలో లెక్కలదే పెద్ద వాటా. ఆసుపత్రిలో ఎంతమంది చేరారు, ఎంతమంది పోయారు, ఏ జబ్బుతో వచ్చారు, ఏ జబ్బుతో పోయారు... ఈ వివరాలు సరిగ్గా రాయకపోతే ఆసుపత్రి ప్రాణం పోస్తోందో, తీస్తోందో ఎవరికీ తెలియదని ఆమె నమ్మింది. ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. తాను పనిచేసిన ఆసుపత్రిలోనే వేలమంది పోతుంటే చూసి నేర్చుకున్నది.

లెక్కలంటే ఇష్టపడ్డ అమ్మాయి

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఆమె పుట్టింది. అమ్మానాన్నలు ఇంగ్లండు వాళ్లు. దేశాలు తిరుగుతుండగా పుట్టిన పిల్లలకి పుట్టిన ఊరి పేర్లే పెట్టుకున్నారు. అక్క నేపుల్స్‌లో పుడితే ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థెనోప్ అని పెట్టారు. చెల్లెలు ఫ్లోరెన్స్ అయింది.

తండ్రి విలియం ఎడ్వర్డ్ నైటింగేల్ బాగా ఆస్తిపరుడు. కొడుకులు లేరు. కూతుళ్లకి తానే కూచుని లాటిన్, గ్రీకు, చరిత్ర చెప్పాడు. ఫ్లోరెన్స్‌కి మాత్రం అన్నిటికంటే లెక్కలే ఇష్టం. ఆడపిల్లకి లెక్కలెందుకని తల్లి బాధ. కుట్లు, అల్లికలు, పియానో, ఆ తర్వాత మంచి సంబంధం... ఆ ఇంటి ఆడపిల్ల జీవితం అంతే. మన ఇళ్లలో జరిగిన కథే కదూ!

పదహారేళ్ల వయసులో, 1837లో, దేవుడు తనను ఏదో పనికి పిలిచాడని ఆమెకి అనిపించింది. ఆ పని రోగుల సేవ అని తేల్చుకోవడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఇంట్లో చెబితే గగ్గోలు పుట్టింది. ఆ రోజుల్లో ఇంగ్లండులో నర్సు అంటే ఇంకే పనీ దొరకని బీద ఆడది చేసే పని. తాగి పడుకుంటారని పేరు. పెద్దింటి పిల్ల అక్కడ అడుగు పెడితే పరువేం కావాలి?

ఆమె ఎదురు తిరిగి కేకలు వేయలేదు. తెల్లవారుజామునే లేచి కొవ్వొత్తి వెలుగులో ఆసుపత్రుల నివేదికలు చదువుకుని, నోట్సు రాసుకుని, పొద్దున ఏమీ ఎరగనట్టు వచ్చి అందరితో ఫలహారానికి కూచునేది. తొమ్మిదేళ్లు ఆమె కోసం ఎదురుచూసిన రిచర్డ్ మాంక్టన్ మిల్న్స్‌ని 1849లో కాదనేసింది. అతనంటే ఇష్టం లేక కాదు. ఆ పెళ్లితో జీవితమంతా విందులతో, అతిథులతో గడిచిపోతుందని భయం. 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో మూడు నెలలు నర్సు పని నేర్చుకుంది. 1853లో లండన్‌లో ఒక చిన్న ఆసుపత్రికి సూపరింటెండెంట్ అయింది. జీతం లేదు. తండ్రి మాత్రం మెత్తబడి ఏడాదికి 500 పౌన్లు ఇస్తానన్నాడు. అప్పటికి ఆమెకి ముప్పై మూడేళ్లు.

స్కుటారి

మరుసటి ఏడాదే బ్రిటన్ క్రిమియా యుద్ధంలోకి దిగింది. రష్యా ఒక పక్క, బ్రిటన్, ఫ్రాన్సు, టర్కీ ఒక పక్క. గాయపడ్డ సైనికులు దిక్కులేకుండా పడి ఉన్నారని లండన్ టైమ్స్ పత్రిక రాసింది. జనం మండిపడ్డారు. యుద్ధశాఖ చూస్తున్న సిడ్నీ హెర్బర్ట్ ఆమెకి పాత స్నేహితుడు. నర్సుల్ని తీసుకుని వెళ్లమని అడిగాడు. 38 మందితో బయల్దేరి 1854 నవంబర్ 4న ఆమె స్కుటారి చేరింది. ఇస్తాంబుల్ పాత నగరానికి ఎదురుగా, నీళ్లకి అవతలి ఒడ్డున ఉంటుందది.

ఆసుపత్రి అంటే టర్కీ సైన్యం వాళ్ల పెద్ద బ్యారక్. నల్లసముద్రం దాటించి రోగుల్ని ఓడల్లో అక్కడికి తెచ్చి పడేసేవారు. మంచాలు చాలక వరండాల్లో నేలమీద పడుకోబెట్టారు. చొక్కాలు లేవు, సబ్బు లేదు, తువ్వాళ్లు లేవు. గాయాల కంటే విరేచనాలు, కలరా, టైఫస్ జ్వరాలు ఎక్కువ.

ఆమె వచ్చీ రాగానే చేసిన పని మనలాంటి గృహిణులు ఎవరైనా చేసేదే. వంటిల్లు సరిచేసింది. ఒక ఇల్లు అద్దెకి తీసుకుని, నీళ్లు కాగబెట్టే పెద్ద బాయిలర్లు పెట్టించి, సైనికుల భార్యలకి జీతమిచ్చి బట్టలు ఉతికించింది. చొక్కాలు, దుప్పట్లు కొనిపించింది. రాత్రిళ్లు దీపం పట్టుకుని తిరిగింది. ఆ దీపం బొమ్మ లండన్ పత్రికలకెక్కి ఇంటింటికీ చేరింది.

ఇంత చేసినా చావులు ఆగలేదు. ఆగకపోగా పెరిగాయి! ఆ ఒక్క చలికాలంలో స్కుటారిలో నాలుగు వేల మందికి పైగా పోయారు. 1855 ఫిబ్రవరిలో నూటికి 42 మంది పోయారని లెక్క తేలింది.

మార్చి నెలలో లండన్ నుంచి ఒక పారిశుధ్య కమిషన్ వచ్చింది. డాక్టర్ జాన్ సదర్లాండ్, ఇంజనీరు రాబర్ట్ రాలిన్సన్ అందులో ముఖ్యులు. వాళ్లు రోగుల్ని చూడ్డానికి ముందు కట్టడం కింద ఏముందో చూశారు. ఆ భవనం అడుగున మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. ఆ కంపు గాలి మరుగుదొడ్ల గొట్టాల్లోంచి వార్డుల్లోకి తన్నుకొస్తోంది. తాగే నీళ్లొచ్చే కాలువలో చచ్చిన గుర్రం ఒకటి పడి ఉంది. కాలువలు కడిగించారు, గోడలకి సున్నం వేయించారు, గాలి వచ్చేట్టు కిటికీలు తీయించారు. జూన్ నాటికి చావులు నూటికి రెండుకి దిగాయి.

మూడు పుస్తకాలు, మూడు లెక్కలు

స్కుటారిలో ఆమెకి మరో వింత ఎదురైంది. అక్కడ చావుల లెక్క మూడు చోట్ల రాసేవారు. డాక్టర్ల పుస్తకం ఒకటి, సైనిక కార్యాలయం పుస్తకం ఒకటి, పూడ్చిపెట్టిన వాళ్ల జాబితా ఒకటి. మూడూ పక్కపక్కన పెడితే ఏ రెండూ కలవవు! ఒక్కో వార్డులో ఒక్కో జబ్బు పేరు ఒక్కో రకంగా రాశారు. ఏ జబ్బుతో చేరాడు, చేరాక ఏ జబ్బు తగులుకుంది అనే తేడా చాలా చోట్ల లేనే లేదు. చేతికి దెబ్బ తగిలి వచ్చినవాడు వార్డులో జ్వరం అంటుకుని పోతే ఏ వరసలో రాయాలి? యుద్ధం చంపిందనా, ఆసుపత్రి చంపిందనా?

ఇంట్లో పాల లెక్క, చాకలి పద్దు రాసే మనకి ఈ కష్టం తెలుసు. ఒకే సరుకు మూడు చోట్ల మూడు రకాలుగా రాస్తే నెలాఖరుకి ఎవరు తప్పో తేలదు. అక్కడ లెక్కలో పోయినవి మనుషుల ప్రాణాలు.

1856 ఆగస్టులో ఆమె ఇంగ్లండు తిరిగొచ్చింది. స్వాగత సభలు ఏర్పాటు చేస్తారని తెలిసి మారుపేరుతో ప్రయాణం చేసి చడీచప్పుడు లేకుండా ఇంటికి చేరింది.

తన ఆసుపత్రి మీదే తీర్పు

ఇంకొకరైతే ఆ కీర్తితో హాయిగా బతికేవారు. దేశమంతా ఆమె మీద పాటలు కట్టింది. ఆమె పేరుతో వసూలైన నిధి 44 వేల పౌన్లు దాటింది. ఆమె మాత్రం విలియం ఫార్ అనే గణాంక నిపుణుడితో కూచుని ఆ మూడు పుస్తకాల్లో చిక్కుపడ్డ లెక్కలు విప్పడం మొదలుపెట్టింది.

విప్పిన కొద్దీ భయంకరమైన సంగతి బయటపడింది. సైనికుల్లో గాయాలతో పోయిన వాళ్లకంటే జబ్బులతో పోయిన వాళ్లు ఎన్నో రెట్లు. అది కొంత ఊహించిందే. ముందు వరసలో, గుడారాల్లో నడిచిన చిన్న చిన్న ఆసుపత్రులకి మందులు లేవు, నర్సులు లేరు. అయినా అక్కడి కంటే స్కుటారిలోనే ఎక్కువ శాతం పోయారు. అంటే ఆమె దీపం పట్టుకుని తిరిగిన ఆసుపత్రే అన్నిటికంటే ప్రాణాంతకమైన చోటు. మురుగు మీద కట్టిన ఆ వార్డుల్లో ఆమె ఎంత ప్రేమగా సేవ చేసినా, ఒకడి జబ్బు పక్కవాడికి అంటుకుంటూనే పోయింది.

1857 ఆగస్టులో ఆమె కుప్పకూలింది. క్రిమియాలో పట్టుకున్న జ్వరం అప్పటికే ఒంట్లో ఉంది. ఆ తర్వాత చాలా ఏళ్లు మంచం మీదనే. కానీ లెక్క దాచలేదు. 1858లో అచ్చయిన పెద్ద నివేదికలో స్కుటారి చావులు నెల నెలా రాసి పెట్టింది.

మంత్రులు అంకెల పట్టికలు చదవరని ఆమెకి తెలుసు. అందుకని బొమ్మ గీసింది. గుండ్రంగా విచ్చుకున్న పువ్వులాంటి బొమ్మ. పన్నెండు నెలలకి పన్నెండు రేకులు. గాయాల చావులకి ఎరుపు, ఆపగలిగిన జబ్బుల చావులకి నీలం, మిగతా కారణాలకి నలుపు. నీలం రేకులు పెద్దగా విచ్చుకుని ఎరుపుని మింగేసినట్టు కనిపిస్తాయి. చదువురాని వాళ్లకి కూడా ఒక్క చూపులో అర్థమయ్యే బొమ్మ. అదే ఏడాది లండన్ గణాంక సంఘం ఆమెని సభ్యురాలిగా తీసుకుంది. ఆ సంఘంలో చేరిన మొదటి స్త్రీ ఆమే.

నూటికి తొంభై మంది పోతారా?

ఆ తర్వాత ఆమె చూపు మామూలు ఆసుపత్రుల మీద పడింది. లండన్‌లో ఒక్కో ఆసుపత్రి ఒక్కో రకంగా లెక్క రాస్తోంది. అందరికీ ఒకే నమూనా ఫారం తయారు చేసింది. ఏడాది మొదట్లో ఉన్నవాళ్లు, కొత్తగా చేరినవాళ్లు, నయమై వెళ్లినవాళ్లు, నయం కాకుండానే పంపేసినవాళ్లు, తమంతట తామే వెళ్లిపోయినవాళ్లు, పోయినవాళ్లు, ఏడాది చివర మిగిలినవాళ్లు, ఒక్కొక్కరు సగటున ఉన్న రోజులు. వయసు వారీగా, ఆడా మగా విడివిడిగా, జబ్బు వారీగా. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ఆ నమూనాని మెచ్చుకుంది. కొన్ని ఆసుపత్రులు వాడి చూశాయి కూడా. రాసే ఓపిక లేక, ఖర్చు ఎక్కువని కొన్నాళ్లకి వదిలేశాయి.

నయం కాకుండానే పంపేసినవాళ్లకి వేరే వరస ఎందుకు పెట్టిందో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపొండి అనే మాట మన జిల్లాల్లో ఎన్ని కుటుంబాలు వినలేదు! ఆటోలోనో అంబులెన్సులోనో ఊరికి చేరకముందే ప్రాణం పోతుంది. ఆ చావు ఆసుపత్రి పుస్తకంలో ఎక్కదు. పుస్తకం శుభ్రంగా ఉంటుంది.

అయితే ఇక్కడ ఒక చిత్రం జరిగింది. ఆసుపత్రుల మీద ఆమె రాసిన పుస్తకం మూడో ముద్రణ 1863లో వచ్చింది. అందులో విలియం ఫార్ ఇచ్చిన లెక్క ఒకటి వేసింది. లండన్‌లోని 24 ఆసుపత్రుల్లో 4,214 మంది రోగులు, 3,828 చావులు. అంటే నూటికి తొంభై మందికి పైగా! డాక్టర్లు భగ్గుమన్నారు. వాళ్ల కోపంలో న్యాయముంది.

ఎలాగంటే, ఒక ఊళ్లో పది మంచాల దవాఖాన ఉందనుకోండి. ఒక్కొక్కరు పది రోజులుండి వెళ్తే ఏడాదిలో ఆ పది మంచాల మీద 360 మంది దాకా పడుకుంటారు. వాళ్లలో తొమ్మిది మంది పోతే నూటికి రెండున్నర. అలా కాకుండా, ఏదో ఒక రోజు వెళ్లి ఆ రోజు పడుకున్న పదిమందినే లెక్కపెట్టి, ఏడాది చావులు తొమ్మిదిని పదితో భాగిస్తే? నూటికి తొంభై! ఆ 24 ఆసుపత్రుల లెక్క ఇలా వచ్చిందే. 1861 ఏప్రిల్‌లో ఒక్క రోజు ఉన్న రోగుల సంఖ్యతో ఏడాది చావుల్ని భాగించారు.

లెక్కల కోసం ప్రాణం పెట్టిన మనిషి పుస్తకంలోనే ఇలాంటి అంకె పడింది. చావుల సంఖ్య ఒక్కటే చెబితే సరిపోదు, దాన్ని దేనితో పోల్చారో కూడా చెప్పాలి. చేరిన వాళ్ల లెక్క సరిగ్గా లేకపోతే చావుల లెక్కకి అర్థం లేదు.

మూసేసిన కాన్పుల వార్డు

ఆడవాళ్లమైన మనం తప్పక తెలుసుకోవాల్సిన ఘట్టం ఇది. పల్లెల్లో కాన్పులు చేసే మంత్రసానులకి మంచి శిక్షణ ఇవ్వాలని 1862లో ఆమె తన నిధి డబ్బుతో లండన్ కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో ఒక కాన్పుల వార్డు తెరిపించింది. అంతా ఆమె చెప్పినట్టే కట్టారు, ఆమె చెప్పినట్టే నడిపారు. అయినా బాలింతలకి సూతిక జ్వరం పట్టుకుంది. ఆరేళ్లు తిరక్కుండానే లెక్క చూస్తే వెయ్యి కాన్పులకి 33 మంది తల్లులు పోతున్నారు. ఇళ్లలో జరిగే కాన్పులు కూడా కలిపి చూస్తే ఇంగ్లండు మొత్తం మీద వెయ్యికి ఐదుగురు. 1867లో ఆ వార్డు మూసేశారు.

మూసేసి ఊరుకోలేదు. దేశదేశాల కాన్పుల ఆసుపత్రుల లెక్కలు తెప్పించి 1871లో పుస్తకం రాసింది. కాన్పు జబ్బు కాదు, ఆరోగ్యంగా ఉన్న మనిషిని రోగుల మధ్యకి తెచ్చి పడుకోబెట్టడమే ప్రమాదం అని తేల్చింది. శవాల గదిలోంచి, ఇతర వార్డుల్లోంచి వచ్చే విద్యార్థుల్ని కాన్పుల గదిలోకి రానివ్వొద్దంది. ఒక్కో తల్లికి ఒక్కో గది ఉన్న చిన్న చిన్న ఇళ్లు కట్టమంది. ఆ పుస్తకాన్ని సోక్రటీసు తల్లికి అంకితమిచ్చింది. అంతటి తత్వవేత్త తల్లి మంత్రసాని అని మనలో ఎంతమందికి తెలుసు!

అప్పటికి ఇరవై ఏళ్ల ముందే వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ డాక్టరు ఇదే సంగతి ఇంకో దారిలో కనిపెట్టాడు. అక్కడ కాన్పులకి రెండు విభాగాలు. ఒకదాంట్లో వైద్య విద్యార్థులు, రెండోదాంట్లో మంత్రసానులు. విద్యార్థుల విభాగంలో నూటికి దాదాపు పదిమంది తల్లులు పోతుంటే రెండోదాంట్లో నలుగురే. శవాల్ని కోసిన చేతులతోనే వాళ్లు కాన్పులు చేస్తున్నారని అతను పట్టుకున్నాడు. 1847 మే నెలలో క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించడం మొదలుపెడితే చావులు గబుక్కున తగ్గాయి. అక్కడా లెక్కల్లో ఒక మడత ఉండేది. జబ్బు ముదిరిన బాలింతల్ని పెద్దాసుపత్రికి మార్చేవారు. అక్కడ పోతే ఆ చావు కాన్పుల విభాగం పద్దులో పడేది కాదు. పెద్దలెవరూ సెమ్మెల్‌వైస్ మాట వినలేదు. 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు.

నైటింగేల్ కూడా సూక్ష్మక్రిముల సంగతి చాలాకాలం నమ్మలేదు. చెడ్డ గాలే జబ్బుకి మూలం అనుకుంది. 1880ల తర్వాతే మనసు మార్చుకుంది. కారణం పొరపాటుగా అనుకున్నా, చేయించిన పనులు మాత్రం పనికొచ్చాయి. ఎక్కడ ఎక్కువమంది పోతున్నారో లెక్క చూపించింది కాబట్టి.

చూడని మన దేశం

ఆమె మన దేశానికి ఒక్కసారీ రాలేదు. కానీ ఇక్కడి లెక్కలు ఆమెకి తెలిసినంతగా అప్పటి దొరలకి తెలియవంటే అతిశయోక్తి కాదు. 1859లో భారతదేశంలోని బ్రిటిష్ సైన్యం ఆరోగ్యం మీద రాయల్ కమిషన్ వేస్తే, ప్రతి కంటోన్మెంటుకీ పంపాల్సిన ప్రశ్నల ఫారం తయారు చేసింది ఆమే. నీళ్లు ఎక్కడివి, మురుగు ఎక్కడికి పోతుంది, ఆసుపత్రిలో మంచానికీ మంచానికీ ఎడం ఎంత... మన సికింద్రాబాద్‌తో సహా అన్ని చోట్ల నుంచీ జవాబులు బండ్లకొద్దీ ఆమె ఇంటికి చేరాయి. 1863లో నివేదిక వచ్చింది. ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది పోతున్నారని తేలింది. పదేళ్ల తర్వాత, 1873 నాటికి, అది 18కి తగ్గిందని ఆమే లెక్క చెప్పింది.

సైనికుల బావి బాగు చేస్తే చాలదనీ, పక్కనున్న పల్లె బావి కూడా బాగుపడాలనీ మెల్లగా ఆమెకి అర్థమైంది. గోదావరి మీద ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌తో స్నేహం కలిపి, కాలువలు తవ్వించండని ప్రభుత్వం వెంట పడింది. 1876-78 కరువు మద్రాసు రాష్ట్రాన్నీ నిజాం రాజ్యాన్నీ ఊపేసినప్పుడు, మంచం మీద నుంచే పత్రికల్లో రాసింది.

1860లో ఆమె పేరుతో సెయింట్ థామస్ ఆసుపత్రిలో మొదలైన నర్సుల బడి నుంచి శిక్షణ పొందిన నర్సులు దేశదేశాలకీ వెళ్లారు. చివరి రోజుల్లో చూపు పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు. అది అందుకున్న మొదటి స్త్రీ ఆమే. 1910 ఆగస్టు 13న, తొంభై ఏళ్ల వయసులో, లండన్‌లో కన్నుమూసింది. రాజులు, మహాకవులు ఉన్న వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి ఇస్తామన్నా ఆమె వాళ్లు వద్దన్నారు. ఈస్ట్ వెల్లో పల్లెలో తల్లిదండ్రుల పక్కనే పూడ్చారు. రాతి మీద ఆమె పేరు కూడా పూర్తిగా లేదు. రెండు పొడి అక్షరాలూ, పుట్టిన, పోయిన తేదీలూ అంతే.

రెండు వందల ఏళ్ల పండుగ నాడు

ఆమె పుట్టి రెండు వందల ఏళ్లయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ని నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించింది. సరిగ్గా ఆ ఏడాదే కరోనా వచ్చింది. ఇంగ్లండులో హడావిడిగా కట్టిన తాత్కాలిక ఆసుపత్రులకి నైటింగేల్ పేరే పెట్టారు.

స్కుటారిలో ఆమెని వేధించిన ప్రశ్నే మళ్లీ ఎదురైంది. ఈ రోజు ఆసుపత్రిలో ఇంతమంది కరోనా రోగులు అని సాయంత్రం ప్రకటించేవారు. ఆ అంకెలో ఎవరెవరున్నారు? కరోనాతో ఊపిరాడక వచ్చినవారు కొందరు. కాన్పుకో, కాలు విరిగో వచ్చి, చేర్చుకునే ముందు పరీక్ష చేస్తే బయటపడినవారు కొందరు. ఏ జబ్బూ అంటకుండా వచ్చి వార్డులోనే అంటించుకున్నవారు ఇంకొందరు. ముగ్గుర్నీ ఒకే వరసలో రాస్తే ఊళ్లో జబ్బు ఎంత ఉందో తెలియదు, ఆసుపత్రిలో ఎంత అంటుతోందో అసలే తెలియదు.

దీనికి ఇంగ్లండులో ఒక పద్ధతి పెట్టుకున్నారు. చేరిన ఎనిమిదో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపల పరీక్షలో తేలితే ఆసుపత్రిలో అంటి ఉండవచ్చు, పద్నాలుగు రోజులు దాటాక తేలితే ఖాయంగా ఆసుపత్రిలోనే అంటింది అని. చేరిన తేదీ, పరీక్ష తేదీ రెండూ సరిగ్గా రాస్తేనే ఈ లెక్క కుదురుతుంది. మామూలు ఇన్‌ఫెక్షన్లకైతే చేరిన 48 గంటల తర్వాత మొదలైతే ఆసుపత్రిలో పట్టుకుందని డాక్టర్లు లెక్కవేస్తారు.

మన రాష్ట్రంలో కూడా 2020లో పరీక్షల సంఖ్య మీద, రోజువారీ బులెటిన్‌లో వివరాలు చాలవని హైకోర్టు ప్రభుత్వాన్ని ఒకటికి రెండుసార్లు నిలదీసింది. 2020, 2021 రెండేళ్లలో దేశంలో కరోనా చావులు 4.8 లక్షలని ప్రభుత్వ లెక్క. దాదాపు 47 లక్షలు ఉంటాయని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. మన ప్రభుత్వం ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. రెండు అంకెల మధ్య ఇంత దూరం ఉందంటే, ఎక్కడో లక్షల ఇళ్లలో పోయినవారు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదేమోననే అనుమానం మిగిలే ఉంటుంది.

మన దవాఖానాలు, మన బాలింతలు

ఒకప్పుడు పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కాన్పు కష్టమైతే హైదరాబాద్ పెద్ద దవాఖానకి పరుగెత్తడమే. ఇప్పుడు మహబూబ్‌నగర్‌కి 2016లో, నల్లగొండకి 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 2019-20లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రిలోనే. నూటికి 60కి పైగా ఆపరేషన్ కాన్పులు. దీనివల్ల ఎందరో తల్లులు బతికారు. ఎవరూ కాదనరు. కానీ ఇంతమంది ఆడవాళ్లు కత్తిగాటుతో వార్డుల్లో పడుకుంటున్నప్పుడు, వార్డు శుభ్రత మనందరి ప్రాణాల సంగతి.

2022 ఆగస్టు 25న నాగార్జునసాగర్ రోడ్డు మీది ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్క రోజే 34 మంది ఆడవాళ్లకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఏ జబ్బూ లేకుండా నడిచి వెళ్లినవాళ్లు. నాలుగైదు రోజుల్లో నలుగురు పోయారు. మిగిలినవాళ్లని హైదరాబాద్ ఆసుపత్రులకి తరలించారు. ఇన్‌ఫెక్షనే కారణమని విచారణలో తేలింది. బాధ్యుల మీద చర్యలు తీసుకున్నారు. చిన్న పిల్లల తల్లులు వాళ్లు. కాన్పు జబ్బు కాదని 1871లో నైటింగేల్ రాసింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా జబ్బు కాదు.

డాక్టర్లని, నర్సుల్ని తిట్టి లాభం లేదు. యాభై మంది రోగులకి ఒక నర్సు ఉంటే ఆమె ఎన్నిసార్లు చేతులు కడుక్కోగలదు? మన వంతు కూడా కొంత ఉంది. పాతకాలంలో బాలింత గది గడపకి వేపాకు కట్టి, కాళ్లూ చేతులూ కడుక్కోనిదే ఎవర్నీ లోపలికి రానిచ్చేవారు కాదు పెద్దవాళ్లు. ఇప్పుడేమో చుట్టాలమంతా బస్సు దిగి నేరుగా వార్డుకెళ్లి, బాలింత మంచం మీదే కూచుని, టిఫిన్ క్యారియర్లు విప్పి, పసిగుడ్డుని చేతులు మార్చి ముద్దులాడి వస్తున్నాం. అత్తమ్మ కోపగించుకుంటే కోపగించుకోనివ్వండి, చేతులు కడుక్కోమని చెప్పండి. జలుబు, జ్వరం ఉన్నవాళ్లని రావద్దని ముందే చెప్పండి. డ్రెస్సింగ్ మార్చే ముందు చేతులు కడుక్కున్నారా అక్కా అని నర్సమ్మని మర్యాదగా అడగండి. మంచి నర్సు తప్పు పట్టదు.

ఇంకొకటి. ఇంటికొచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం తీసుకుని చదివించుకోండి. చేరిన తేదీ, ఎందుకు చేరారు, ఆపరేషన్ తేదీ, జ్వరం ఎప్పుడు మొదలైంది, ఏ మందులిచ్చారు... ఖాళీలుంటే అక్కడే నింపమనండి. బియ్యం కార్డుతో పాటు దాన్నీ పెట్టెలో దాచండి. మళ్లీ జ్వరం వచ్చి ఇంకో డాక్టరు దగ్గరికి పోవాల్సి వస్తే మొదట చూపించాల్సింది ఆ కాగితమే.